విరిచి చూచుకొనిన అతుకు

రాజమహేంద్రవరమున గోదావరిగట్టుపై నిలిచి కొవ్వూరువైపు దృష్టి సారించినవానికి, 1897 నవంబరులో ఆరంభమై 1900 ఆగస్టు 30వ తేదీన రైళ్లకు తెరువబడి, దాదాపు ఒక శతాబ్దము సేవచేసి 1997లో విశ్రమించిన హేవలాక్ వంతెన నేటికిని కనబడుచున్నది. 150 అడుగుల వంతున 56 ఖానాలుగల ఆ నిర్మాణమునందలి ఇనుపపలకలను ఒకదానితో నొకటి కూర్చినది రివెట్టు. కొలిమిలో ఎర్రగా కాల్చిన మేకును రంధ్రమున దూర్చి, వెనుకనుండి ఒకడు అదిమిపట్టగా, ముందునుండి మరియొకడు సుత్తితో దానికి తల దిద్దగా, అది చల్లారుచు కుదించుకొని పలకలను బిగియబట్టెడిది. ఆ పద్ధతిలో శ్రమ యెక్కువ, ఇనుము యెక్కువ, మనుష్యులు యెక్కువ. అయినను దానియందొక గొప్ప సౌలభ్యము కలదు. తనిఖీకి వచ్చిన మేస్త్రీ చిన్నసుత్తితో ఒక్కొక్క రివెట్టును తట్టుచు పోయినచో, బిగువుగా నున్నది ఖంగుమని పలుకును, వదులైనది డొల్లచప్పుడు చేయును. లోపము తన్ను తానే చెప్పుకొనును.

వెల్డింగు అతుకునకు ఆ గుణము లేదు. పైకి చూడ అలలు తీర్చినట్లు నున్నగా, సమముగా, తళతళలాడుచు నుండియు, లోపల చిట్టెము చిక్కుకొని, గాలిబుడగలు నిలిచి, అడుగున రెండు పలకలును ఒకదానినొకటి అంటకయే యుండవచ్చును. గ్రైండరుతో నునుపుచేసి రెడాక్సైడు పూసిన పిమ్మట ఆ గేటును కొనుక్కొనిపోవు గృహస్థునకు గాని, ఆ ట్రాలీని ధాన్యముతో నింపుకొను రైతునకు గాని లోపలి సంగతి తెలియు మార్గమే లేదు. తెలిసికొనగలవాడు ఒక్కడే, చేసినవాడు. వాడును తెలిసికొనవలెనని పూనుకొనిననే తెలియును. కావున ఈ వృత్తి నేర్వదలచిన యువకునకు నేను చెప్పదలచిన ముఖ్యవిషయము చేతివాటమును గూర్చినది కాదు. చేయి అభ్యాసముచేత అందరికిని కుదురును. తన అతుకును తానే విరిచి, దాని కడుపులోని సంగతి చూచుకొను ధైర్యము మాత్రము అభ్యాసశాలలోనే అలవడవలెను. బయట కూలికి కుదిరిన పిదప ఎవ్వరును ఆ అవకాశము నీయరు, విరిచిన సామానునకు ఖరీదు కట్టించుకొందురు.

మన సీమలో ఇనుపపని పాఠశాలలకంటె ముందే యున్నది. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించిన కాలమున, తూములకును లాకులకును కావలసిన ఇనుపసామానుకై అచ్చటనే కార్ఖానా వెలసినది. ఆ నిర్మాణమున వాడిన యంత్రములు కొన్ని కాటన్ మ్యూజియము ఆవరణలో ఎండకు ఎండుచు వానకు తడియుచు నేడును నిలిచియున్నవి. వెల్డింగు నేర్చుకొను కుఱ్ఱవాడు ఒక ఆదివారము అచ్చటికి పోయి, విద్యుత్తుతో ఇనుమును అతుకుట యెరుగని కాలపు కూర్పులను తీరికగా పరిశీలించి వచ్చుట వృథాకాదు. అంతకుముందును మన కమ్మరులు అతుకువేయుట ఎరుగుదురు: రెండు కొనలను తెల్లబారువరకు కాల్చి, ఇసుకనో వెలిగారమునో చల్లి, దాగలిపై నుంచి సమ్మెటతో మోదుచుండగా లోపలి మలినము కరిగి నిప్పురవ్వలుగా వెలికి చిమ్మి, ఇనుము ఇనుముతో ఏకమయ్యెడిది. నేటి రాడ్డుపైనున్న పూత చేయుపని ఆ వెలిగారము చేసిన పనియే. మలినము వెలికి రావలెను. రానిచో అతుకు లేదు.

భారతప్రభుత్వము 1950లో చేతిపనివారి శిక్షణపథకము నారంభించినప్పటినుండి వెల్డరు అను తరగతి మన ఐ.టి.ఐ.లలో నడచుచున్నది. కాకినాడలోను రాజమహేంద్రవరములోను ప్రభుత్వసంస్థలున్నవి. ప్రైవేటువి ఇంకను పెక్కు గలవు. ఎనిమిదవ తరగతి పూర్తిచేసినవాడు చేరవచ్చును. కాలము ఒక సంవత్సరము. చివర అఖిలభారత వృత్తిపరీక్ష, దానిపై జాతీయ ధ్రువపత్రము. ఫిట్టరు తరగతికి రెండు సంవత్సరములు పట్టును. ఆడపిల్లలకు ఈ తలుపు మూసిలేదు. సన్నని రేకుపనిలో తొందరపడని చేతికే విలువ. వెల్డరా, ఫిట్టరా యని తర్జనభర్జన పడువారికి నా సలహా ఇది: ఇంటిలో త్వరగా సంపాదన కావలసినచో వెల్డరే మంచిది, కాని ఆ సంవత్సరములోనే ప్రక్కగదిలోని ఫిట్టరు విద్యార్థుల వద్దకు పోయి, గీతపటము చదువుటయు, ఆకురాయి పట్టుటయు, మూలమట్టము చూచుటయు నేర్చుకొనవలెను. కొలత రాని వెల్డరు జీవితాంతము మరొకని గీతపై రాడ్డు కాల్చుచునే యుండును. డిగ్రీ చదివి అరుగుమీద కూర్చున్న అన్నకు పిల్ల నిచ్చువారు, ఐ.టి.ఐ. చదివి నెలజీతము తెచ్చు తమ్మునకు వెనుకాడు వింత మన జిల్లాలలో ఇంకను పూర్తిగా పోలేదు. దానికి మందు నాకు తెలియదు, కాలమే వైద్యుడు.

మొదటి వారములు నిరుత్సాహకరముగా నుండును. రాడ్డు పలకకు అంటుకొనిపోవును, లాగినచో ఊడదు, ఊడినచో పూత రాలును. నల్ల అద్దము వెనుక ఏమియు కనబడదు, కనబడినదేమో తెలియదు. ఈ దశలో పెక్కుమంది చేయు పొరపాటు వెలుగును చూచుట. చూడవలసినది వెలుగును కాదు, దాని వెనుక నేర్పడు కరిగిన లోహపు మడుగును. అయిదారువేల డిగ్రీల వేడి చిన్నబిందువున చేరినచోట, పదునైదువందల డిగ్రీలకే కరగు ఉక్కు ఎటు ప్రవహించుచున్నది, మడుగు రెండు అంచులను తాకుచున్నదా, ఒక అంచునే తడుపుచున్నదా, పైన తేలు చిట్టెము వెనుకనే యున్నదా, చేయి మందగించినందున ముందుకు పరుగెత్తి ఆర్కు క్రింద దూరుచున్నదా, ఇవి కనబడ నారంభించిననాడు విద్య ఆరంభమైనట్లు. 3.15 మిల్లీమీటర్ల రాడ్డునకు సుమారు 90 మొదలు 130 ఆంపియరుల కరెంటు. రాడ్డు కొనకును పలకకును నడుమ దూరము రాడ్డు మందమును మించరాదు. దూరము సరిగానున్నచో ఆర్కు కాగిన నూనెలో వడియములు వేగు చప్పుడుతో ఎడతెగక పలుకును. ఎక్కువైనచో బుసకొట్టి రవ్వలు చిమ్మును. కన్ను కుదురకముందే చెవి కుదురును. అందుచేత మంచి గురువులు విద్యార్థి వెనుకనిలిచి, అద్దమైనను పెట్టుకొనక, గోడవైపు తిరిగి వినుచునే తప్పు చెప్పగలుగుదురు.

రాడ్డుమీద ముద్రించియున్న అంకెలను చదువుట మొదటి దినముననే నేర్వవలెను. 6013 అనగా, నిలిచిన అతుకు చదరపు అంగుళమునకు 60,000 పౌనుల లాగుడును తాళుననియు, మూడవదైన 1 అంకె అన్ని భంగిమలలోను వాడవచ్చుననియు, చివరి అంకె పూతయొక్క జాతిననియు తెలుపును. ఊరిలో గేట్లకు, కిటికీ ఊచలకు దొరకునది ఇదే. 7018 అను మరియొకటి కలదు. బాయిలర్లకు, వంతెనలకు, బరువు మోయు దూలములకు వాడునది. దానిని గూర్చి మన డెల్టావాడు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది కొంత యున్నది. ముందు విరుచుట సంగతి చెప్పెదను.

రెండు ఉక్కుముక్కలను, ఒకటి పరుండబెట్టి రెండవది దానిపై నిలువుగా నిలిపి, ఒక ప్రక్కన మాత్రమే అతుకు వేయవలెను. రెండవప్రక్క వేయరాదు. చల్లారిన పిమ్మట అడుగుపలకను వైసులో బిగించి, అతుకులేని ప్రక్కనుండి నిలువుపలకను పెద్దసుత్తితో కొట్టి, అతుకుమీదికి వంచవలెను. అప్పుడు అతుకుయొక్క వేరు తెరచుకొనును. ఒక అభ్యాసశాలలో ఈ సందర్భమున జరిగిన సంభాషణ నాకు జ్ఞాపకమున్నది.

“మాస్టారూ, ఈ వెల్డింగు బాగొచ్చిందాండీ?”

“బాగానే వచ్చిందిరా అబ్బాయ్. వైసులో పెట్టి కొట్టు.”

“ఇరిగిపోద్దేమోనండీ!”

“ఇరుగుద్దో లేదో చూద్దామనే కదరా కొట్టమంది.”

మూడు దెబ్బలకు విరిగినది. పైకి ముచ్చటగా నున్న ఆ అతుకు లోపల, కత్తిరించిన పలకయొక్క అంచు గ్రైండరు గీతలతో సహా, ఏ వేడియు తగలనట్లు పదునుగా నిలిచియుండెను. కరిగిన లోహము దానిపైనుండి పారిపోయినదే గాని దానితో కలియలేదు. ప్రక్కనే చిట్టెపుగీత ఒకటి గాజువలె నల్లగా మెరయుచుండెను. కుఱ్ఱవాడు ఆ ముక్కను చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచెను. గురువు ఏమియు బోధింపలేదు. కరెంటు పది ఆంపియరులు పెంచి, రాడ్డు వాలు ఎంత యుండవలెనో చేతితో చూపి, మరల వేయుమనెను. తరువాతి ముక్క అంతసులభముగా విరుగలేదు, నిలువుపలకయే వంగిపోయెను, బలవంతముగా విరిచినపుడు పగిలినచోట బూడిదరంగున సన్నని రవ్వవలె అంతటను ఒకేతీరుగా నుండెను. మంచి అతుకు కడుపు అట్లుండును. దీనిని ఒకసారి కన్నులార చూచినవానికి పుస్తకములోని బొమ్మలతో పనిలేదు.

అయినను పెక్కుచోట్ల ఈ పరీక్షను చివరినెలకు వాయిదా వేయుదురు, లేదా వేయనే వేయరు. ఇనుపముక్కల ఖర్చు ఒక కారణము. తన పనిని విరుచుకొనుట యెవ్వనికిని రుచింపకుండుట రెండవది. సంస్థ ఇనుము ఇచ్చుటలేదని కూర్చుండక, పాతసామాను దుకాణములో కిలోలెక్కన దొరకు తునుకలను కొనితెచ్చుకొని, వారమునకు ఒకటి చొప్పున విరిచి, విరిగిన ముఖముపై సుద్దతో తేదీయు ఆంపియరును వ్రాసి దాచుకొను విద్యార్థి, సంవత్సరాంతమునకు ఏ పరీక్షకుడును ఈయలేని ధ్రువపత్రమును తన సంచిలో వేసికొని వెడలును.

ఇక 7018 సంగతి. ఈ రాడ్డుపూతలో తేమ చేరిన, ఆర్కువేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజను కరిగిన ఉక్కులో దూరును. ఉక్కు గట్టిపడిన తరువాత తప్పించుకొను దారిలేక లోపల నిలిచి, మందమైన పలకలలోను కర్బనము ఎక్కువైన ఉక్కులోను సన్నని పగుళ్లను పుట్టించును. విచిత్రమేమనగా ఆ పగులు నాడే కనబడదు. మరునాటికో మూడవనాటికో పుట్టును. అప్పటికి సామాను బండి యెక్కి వెడలిపోయి యుండును. మన డెల్టాలో గాలియే తడి. శ్రావణ భాద్రపదములలో పెట్టెలోని అగ్గిపుల్ల వెలుగదు, ఉప్పుజాడీలో నీరూరును. అట్టిచోట చినిగిన అట్టపెట్టెలో, సిమెంటునేలపై, గోడప్రక్కన రాడ్లుంచుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. 7018 రాడ్లను తయారీదారు చెప్పిన ప్రకారము 300 మొదలు 350 డిగ్రీలవరకు గంట రెండు గంటలు ఓవెనులో కాచి, వేడిడబ్బాలో నుంచుకొని ఒక్కొక్కటిగా తీసి వాడవలెను. 6013 రాడ్డును అంతవేడికి గురిచేసినచో పూతయే చెడును. దానికి స్వల్పమైన వేడి చాలును. చిన్నదుకాణములలో రాడ్లను ఎండలో పరచుట చూచెదము. అది రాడ్లకంటె మనస్సునకు ఎక్కువ తృప్తినిచ్చును. లారీ కమానుపట్టీ విరిగినదని ఎవరైన తెచ్చి “ఓ రాడ్డు కాల్చవయ్యా” అనినచో, అది కర్బనము ఎక్కువగల ఉక్కు అనియు, అతికినచోటి ప్రక్కననే మరల విరుగుననియు చెప్పి త్రిప్పిపంపుట మర్యాద.

అతుకు పగిలిన ప్రతిసారియు అతికినవాడే దోషియని అనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో 2,700లకు పైగా కట్టిన లిబర్టీ ఓడలు రివెట్లకు బదులు వెల్డింగుతో కూర్చబడి, అంతకుముందు ఊహింపరాని వేగముతో నీటికి దిగినవి; వానిలో కొన్ని చల్లనిసముద్రములలో నడిమికి పగిలినవి. మొదట నింద వెల్డర్లపై పడెను. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అను విదుషీమణి పరిశీలించి, ఆ ఉక్కుయే చలికి పెళుసుబారునదని తేల్చెను. రివెట్టు కూర్పులో ఒక పలకతో ఆగిపోవు పగులు, వెల్డింగుచే అంతయు ఏకమైన దేహములో ఎచ్చటను ఆగక పరుగెత్తినది. చేతిపనివాడు లోహశాస్త్రము కొంతయైనను చదువవలసినది ఇందుకే. నిందపడినపుడు సమాధానము చెప్పుకొనుటకైనను అది పనికివచ్చును. కోనసీమ కొబ్బరితోటల క్రింద గ్యాసుగొట్టములు పోవుచున్నవి. 2014 జూన్ 27న నగరం గ్రామమున అట్టి గొట్టమొకటి కారి, నిప్పంటుకొని, ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అక్కడి మాట అతుకు కాదు, తుప్పు. కాని అట్టి గొట్టములపై పనిచేయువాని ప్రతి అతుకును ఎక్స్‌రే తీయుదురు. ఫిల్ముమీద బుడగ నల్లచుక్కగా కనబడును. చుక్కలు హద్దు మీరినచో కోసి మరల వేయింతురు. అచ్చట అతుకు విరువకయే తన కడుపు చూపును.

అతుకువేయుట సగము విద్య. నిర్మించుట తక్కిన సగము. కాలిన ఉక్కు చల్లారునపుడు కుదించుకొనును, కుదించుకొనుచు ప్రక్కదానిని లాగును. నాలుగు అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తుగల గేటుచట్రమును యాంగ్లరుతో కూర్చి, ఒక మూలనుండి మొదలిడి వరుసగా పూర్తిగా అతుకుచు పోయినచో, నాలుగవమూలకు వచ్చునప్పటికి అది దీర్ఘచతురస్రము కాదు, గాలిపటము. కావున ముందు నాలుగు మూలలను చిన్న చిన్న టాకులతో నిలిపి, రెండు కర్ణములను టేపుతో కొలువవలెను. పై కొలతలకు కర్ణము ఎనిమిది అడుగుల ముప్పాతిక అంగుళము వచ్చును. రెండును సమానముగా వచ్చువరకు తట్టి సరిచేయవలెను. తాపీమేస్త్రీలు పునాది గీయునపుడు వాడు మూడు, నాలుగు, అయిదు లెక్కయే ఇది. తరువాత ఎదురెదురు మూలలకు మారుచు, కొంచెము కొంచెముగా వేయుచు, నడుమ చల్లారనీయవలెను. గేటునకే ఇంత శ్రద్ధ కావలసినచో, వరదవచ్చినపుడెల్ల ఎత్తబడు ధవళేశ్వరము బ్యారేజీ 175 గేట్లకును, పోలవరమున 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తున నిలిచిన 48 గేట్లకును ఎంత కావలసియుండునో ఆలోచింపవచ్చును. అచ్చట చట్రము కొద్దిగ వంకరపోయిన, రబ్బరుసీలు ఆనదు, నీరు ఊరకయుండదు.

దేహరక్షణను గూర్చి పుస్తకములలో పట్టికలు కలవు. నేను కొన్నిటినే చెప్పెదను. ఆర్కువెలుగు కంటికి సోకినచో అప్పుడేమియు కాదు. కొన్నిగంటల తరువాత, సాధారణముగా రాత్రి, కన్నులలో ఇసుక పోసినట్లగును. ఇంటివైద్యములు మాని వైద్యుని చూడవలెను. పదవ నంబరునకు తక్కువకాని అద్దము వాడవలెను. ప్రక్కన రాడ్లందించు కుఱ్ఱవానికిని ఒకటి యుండవలెను, వానినే అందరును మరచెదరు. నైలాను చొక్కా రవ్వకు కరిగి చర్మమునకు అంటును, నూలుబట్టయే శ్రేయము. హవాయి చెప్పులతో రాడ్డు కాల్చువారిని మన ఊళ్లలో ఎంతమందినైనను చూడవచ్చును. వారి పాదములపై మచ్చలను కూడ చూడవచ్చును. వానకాలమున తడినేలపై నిలువరాదు, ఎండుచెక్క వేసికొనవలెను. చెమటకు తడిసిన చేతితొడుగులు మార్చుకొనవలెను. కడియము నర్సరీల నీడపందిళ్లకు వాడు గాల్వనైజు గొట్టమును అతుకునపుడు లేచు తెల్లపొగ జస్తాపుపొగ. నాటి సాయంకాలమునకే చలిజ్వరము తెచ్చును. అతుకుచోట పూతను ముందు గీకివేసి, గాలి వీపువైపునుండి వచ్చునట్లు కూర్చుండవలెను. బెల్లపుముక్క నోట వేసికొనినంత మాత్రమున పొగ విరుగదు. ఆక్సిజను సిలిండరు నల్లనిది, ఎసిటిలీను సిలిండరు ముదురు ఎరుపు. ఆక్సిజను బిగింపులకు నూనెచుక్క తగులరాదు, తగిలిన మండును. ఖాళీ డీజిలుట్యాంకు నిండుట్యాంకుకంటె ప్రమాదకరము. లోపలి ఆవిరి పోగొట్టక దానిపై ఆర్కు వేయువాడు రెండవసారి వేయుట అరుదు.

శిక్షణ ముగిసిన తోడనే దుకాణము పెట్టవలెనను తొందర మంచిదికాదు. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద ఒక పెద్ద కార్ఖానాలో కొంతకాలము పనిచేసినవానికి, ఇతరుల తప్పులను ఉచితముగా చూచు భాగ్యము కలుగును. 1948లో జల ఉష ఓడ నీటికి దిగిన విశాఖపట్టణపు నౌకాశాలయు, ఉక్కుకర్మాగారమును మనకు దూరము కావు. గల్ఫుకు పోవువారు మన కోనసీమనుండియు, పశ్చిమగోదావరినుండియు ఎందరో కలరు. అచ్చట 6జి పరీక్ష నడచును: గొట్టమును నలుబదియైదు డిగ్రీల వాలున కదలకుండ బిగించి, చుట్టును అన్ని భంగిమలలో అతికించి, కోసి వంచి చూచెదరు. ఇంటివద్ద విరిచి చూచుకొనినవానికి అది కొత్తగా తోచదు. ఒక హెచ్చరిక మాత్రము: పదవతరగతి ఉత్తీర్ణత లేనివానికి పాస్‌పోర్టులో వలసతనిఖీ షరతు పడును, గల్ఫు మొదలైన కొన్ని దేశములకు పోవుటకు వానికి ప్రత్యేక అనుమతి కావలెను. ఎనిమిదితో ఆపి ఐ.టి.ఐ.లో చేరినవాడు సార్వత్రిక పాఠశాలద్వారా పదవతరగతి పూర్తిచేసికొనుట, ఏజెంటు చేతిలో పెట్టు సొమ్ముకంటె తక్కువ ఖర్చుతో ఎక్కువ రక్షణ. ఆ ఏజెంటునకు ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో ముందు చూచుకొనవలెను.

ఊరిలోనే నిలువదలచినవానికి మన డెల్టాలో పనికి కొదువలేదు. దానికొక ఋతుక్రమము కలదు. ఏప్రిల్, మే నెలలలో కాలువలు కట్టినపుడు లాకులును తూము షట్టర్లును మరమ్మతుకు వచ్చును. సార్వా దమ్ములకు ముందు ట్రాక్టర్ల దమ్ముచక్రములు కుప్పలుగా దిగును. వాని పట్టీలు బురదలో అరిగి, రాతికి తగిలి ఊడియుండును. ఒక్కరోజు ఆలస్యమైనను రైతు ఒప్పుకొనడు. దాళ్వా కోతలలో యంత్రములు విరుగుట రాత్రివేళలయందే. భీమవరమువైపు రొయ్యలచెరువుల ఏరేటరుచట్రములు ఉప్పునీటికి తినివేయబడి వచ్చును. అచ్చట మామూలు ఇనుపరాడ్డుతో స్టెయిన్‌లెస్ స్టీలును అతికినవాని పేరు, తుప్పుమరకతో పాటు చెరువు చెరువునకు ప్రాకును.

ఇక ధర చెప్పుట. చదువుకొని వచ్చినవారు ఎక్కువగా జారిపడునది ఇచ్చటనే. ఒక మిల్లీమీటరు మందముగల ఉక్కురేకు చదరపుమీటరునకు 7.85 కిలోలు తూగును. ఈ ఒక్క అంకెను కంఠస్థము చేసిన ఏ రేకునైనను తూచకయే తూచవచ్చును. గుండ్రని కడ్డీకి వ్యాసమును మిల్లీమీటర్లలో వర్గము చేసి 162చే భాగించిన మీటరునకు కిలోలు వచ్చును. పైన చెప్పిన గేటునకు 40 మిల్లీమీటర్ల, 5 మందపు యాంగ్లరు మీటరునకు మూడు కిలోలు. చుట్టుకొలత 22 అడుగులు, అనగా 6.7 మీటర్లు, సుమారు ఇరువది కిలోలు. 16 గేజి రేకు 1.6 మిల్లీమీటర్లు, 28 చదరపుటడుగులు, అనగా 2.6 చదరపుమీటర్లు, సుమారు ముప్పదిమూడు కిలోలు. అడ్డపట్టీలు, కీలులు, గొళ్లెము వేరు. కోతలో పోవు తునుకలు, రాడ్లు, కరెంటు, గ్రైండరుచక్రము, రెడాక్సైడు, బండికిరాయి, బిగించునాటి ఇద్దరి కూలి, ఇవన్నియు కాగితముపై వ్రాసిన తరువాతనే కిలో రేటు చెప్పవలెను. సామాను అప్పగించునపుడు కాటా తూకపుచీటీని బిల్లునకు జతచేసి యీయవలెను. ఈ లెక్కలన్నిటికంటె ముందు టేపు పట్టుకొని స్వయముగా పోయి గుమ్మమును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలువవలెను. యజమాని ఫోనులో చెప్పిన కొలత నమ్మరాదు. పాతయిండ్ల గోడలు ఒక ప్రక్కకు క్రుంగియుండుటచే, పైన నాలుగడుగులున్న గుమ్మము క్రింద అంగుళము తక్కువగా నుండుట మన నల్లరేగడినేలలో మామూలే.